పొటాషియం ఎక్కించే ముందు: ఒంట్లోంచి పోయిందా, కణాల్లోకి వెళ్లిందా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నేను ఒక చిన్న ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్‌గా చేస్తున్నాను. ఒకే వారంలో పొటాషియం బాగా పడిపోయిన పేషెంట్లు ఇద్దరు వచ్చారు. మొదటి అబ్బాయికి 26 ఏళ్లు. రాత్రి బాగానే పడుకున్నాడు, తెల్లవారుజామున లేవబోతే రెండు కాళ్లూ కదల్లేదు. పొటాషియం లీటరుకు 1.8 మిల్లీమోల్స్. డెక్స్‌ట్రోజ్ సీసాలో పొటాషియం క్లోరైడ్ కలిపి పెట్టాం. రెండు గంటల తర్వాత చూస్తే 1.6కి దిగింది. కంగారుపడి వేగం పెంచాం. సాయంత్రానికి ఏడు యాంపూల్స్ వెళ్లాయి. లేచి నడిచాడు గానీ పొటాషియం 6.4 వచ్చింది. రెండో ఆవిడకు 64 ఏళ్లు. ఫ్యూరోసెమైడ్ (మూత్రం మాత్ర), చాలా ఏళ్లుగా పాంటాప్రజోల్ (గ్యాస్ మాత్ర) వాడుతున్నారు. నీరసం, పిక్కలు పట్టేయడం, పొటాషియం 2.4. మూడు రోజులు సిరప్, డ్రిప్ రెండూ ఇచ్చినా 2.7 దాటలేదు. ఒకరికి అంతలా పెరగడం, ఇంకొకరికి అసలు పెరగకపోవడం ఎందుకు? ఎంత ఇవ్వాలి, ఎందులో కలపాలి, ఎంత వేగంగా ఎక్కించాలి?

జవాబు: రిపోర్టులో ఇద్దరిదీ ఒకే సమస్యలా కనిపించింది గానీ అవి రెండు వేర్వేరు జబ్బులు. మీరు రాసినదాన్ని బట్టి ఆ అబ్బాయి ఒంట్లో పొటాషియం పెద్దగా తగ్గి ఉండదు. రక్తంలో ఉన్నది కండరాల కణాల్లోకి వెళ్లిపోయింది, అంతే. ఆవిడకు మాత్రం నిజంగానే మూత్రంలో పోతోంది, మీరు ఇస్తున్నంతసేపూ పోతూనే ఉంది. ఎంత ఇవ్వాలి అని అడిగే ముందు, ఉన్నది ఎక్కడికి పోయింది అని అడగాలి. మోతాదు, వేగం, ఎందులో కలపాలి అన్నవన్నీ ఆ జవాబును బట్టే మారతాయి.

70 కిలోల మనిషి ఒంట్లో మొత్తం 3500 మిల్లీమోల్స్ దాకా పొటాషియం ఉంటుంది. అందులో 98 శాతం కణాల లోపలే. కణాల బయటి ద్రవాలన్నింటిలో కలిపి ఉండేది 60 నుంచి 70 మిల్లీమోల్స్ మాత్రమే. మనం పరీక్ష చేసే రక్తం ఆ కాస్తలో భాగం. వాకిట్లో ఉన్న బియ్యం బస్తాలు లెక్కపెట్టి ఇంట్లో ఎన్ని ఉన్నాయో చెప్పినట్టుంటుంది మన అంచనా. వాకిలి ఖాళీగా ఉందంటే బస్తాలు అమ్ముడుపోయి ఉండొచ్చు, లోపలికి చేర్చి ఉండొచ్చు. అమ్ముడుపోతే కొత్తవి తేవాలి. లోపలికి చేర్చినవైతే అవే మళ్లీ బయటికొస్తాయి, కొత్తగా తెచ్చినవన్నీ వాకిట్లో పేరుకుపోతాయి. ఆ అబ్బాయికి 6.4 అలా వచ్చిందే.

అలాగని కారణం తేలేదాకా చికిత్స ఆపమని కాదు. 2.5 కంటే తక్కువ అని రిపోర్టు రాగానే చూడాల్సినవి రెండు: ఈసీజీ, కండరాల బలం. ప్రమాదం ఎంత దగ్గర్లో ఉందో అంకె కంటే ఇవే బాగా చెబుతాయి.

ఈసీజీలో మొదట టీ అల చదునవుతుంది. తర్వాత ఎస్‌టీ భాగం కిందికి దిగుతుంది, టీ వెనకాలే యూ అల లేస్తుంది. వీ2, వీ3, వీ4 లీడ్లలో ఇది బాగా కనిపిస్తుంది. టీ, యూ కలిసిపోతే క్యూటీ దూరం బాగా పెరిగినట్టు కనిపిస్తుంది, చాలామంది పొరబడేది ఇక్కడే. వెంట్రిక్యులర్ ఎక్టోపిక్స్ (గుండె కింది గదుల్లో పుట్టే అదనపు స్పందనలు) మొదలయ్యాయంటే టోర్సాడ్స్ అనే ప్రాణాంతకమైన లయ ఎప్పుడైనా రావచ్చని సిద్ధంగా ఉండాలి, డీఫిబ్రిలేటర్ మంచం పక్కనే ఉండాలి. ఈసీజీ మామూలుగా ఉంటే ప్రమాదం లేదనుకోవద్దు. 2 కంటే తక్కువ ఉన్నా ఈసీజీలో పెద్ద తేడా లేనివాళ్లు ఉంటారు. అటువైపు డిగాక్సిన్ అనే గుండె మందు వాడేవాళ్లకు, గుండెపోటు వచ్చినవాళ్లకు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు 3 దగ్గరే లయ తప్పవచ్చు. వాళ్లకు 4 కంటే పైన ఉంచాలని చూస్తాం.

కండరాల సంగతికొస్తే, నీరసం సాధారణంగా కాళ్లలో మొదలై పైకి పాకుతుంది. తుంటి, తొడ కండరాలు ముందు పోతాయి. పేషెంటును వెల్లకిలా పడుకోబెట్టి దిండు మీంచి తల ఎత్తమనండి. మెడ ఎత్తలేకపోతే ఊపిరి కండరాలు కూడా బలహీనపడుతున్నట్టే. గట్టిగా ఊపిరి పీల్చుకుని ఒక్క శ్వాసలో అంకెలు లెక్కపెట్టమనండి. ఇరవై దాటలేకపోయినా, గంట గంటకూ ఆ అంకె పడిపోతున్నా ఐసీయూకి పంపండి. పల్స్ ఆక్సిమీటర్ బాగుంది కదా అని ఊరుకోవద్దు, అది పడిపోయేసరికి ఆలస్యమైపోతుంది. స్పర్శ మామూలుగా ఉండాలి, మూత్రం, మలం పట్టు తప్పకూడదు. అవి చెడితే పొటాషియం ఒక్కటే కారణం కాదు, వెన్నుపాము వైపు చూడాలి. పొట్ట ఉబ్బి పేగు శబ్దాలు తగ్గాయేమో వినండి. మూత్రం ముదురు గోధుమ రంగులో ఉంటే సీపీకే (కండరం దెబ్బతిన్నదేమో చూపే రక్తపరీక్ష) పంపండి. పొటాషియం బాగా పడిపోతే కండరం కరుగుతుంది, అలా కరిగిన కండరం లోపలి పొటాషియాన్ని రక్తంలోకి వదులుతుంది. అప్పుడు రిపోర్టు ఉన్నదానికంటే మెరుగ్గా కనిపించి మోసం చేస్తుంది.

వాంతులతో వచ్చిన పేషెంటుకు అలవాటుగా ఆన్‌డాన్‌సెట్రాన్ రాసేస్తాం. పొటాషియం 2 దగ్గర ఉన్నవాళ్లకు అది టోర్సాడ్స్‌కు దారి తీయవచ్చు. అజిత్రోమైసిన్, లెవోఫ్లాక్సాసిన్, హాలోపెరిడాల్ కూడా అంతే. ఆయాసం ఉందని సాల్బుటమాల్ నెబ్యులైజేషన్ పెడితే పొటాషియాన్ని ఇంకా లోపలికి తోస్తుంది. అందుకే డ్రిప్ పెట్టే ముందు మందుల చీటీ మొత్తం ఒకసారి చూడండి.

శాంపిల్ మీద నమ్మకం ఉండాలి. డ్రిప్ ఎక్కుతున్న చేతి నుంచి తీస్తే ఆ రిపోర్టుకు విలువ లేదు. ల్యుకేమియాలో (రక్త క్యాన్సర్) తెల్ల కణాలు లక్ష దాటినప్పుడు, ట్యూబు గది వేడిలో చాలాసేపు ఉంటే ఆ కణాలే పొటాషియాన్ని పీల్చేసుకుంటాయి, లేని జబ్బు కనిపిస్తుంది. ఇంకోవైపు, రక్తకణాలు పగిలిన శాంపిల్లో అంకె ఎక్కువ చూపిస్తుంది కాబట్టి హీమోలైజ్డ్ అని రాసి 3.0 వస్తే అసలు విలువ అంతకంటే తక్కువే. బ్లడ్ గ్యాస్ మిషన్ ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఈసీజీ, కండరాల నీరసం రెండూ అంకెకు సరిపోతుంటే రెండో శాంపిల్ కోసం ఎదురుచూడనక్కర్లేదు.

మొదటి యాంపూల్ పగలగొట్టే ముందే మూత్రం ఒక ట్యూబులో తీసి పెట్టండి. మీ ఇద్దరు పేషెంట్లలో జరగనిది ఇదే. పొటాషియం ఇచ్చాక తీసిన మూత్రం చదవడం కష్టం. అందులో పొటాషియం, క్రియాటినిన్, క్లోరైడ్ అడగండి. పొటాషియం విలువను క్రియాటినిన్‌తో భాగించాలి. ల్యాబ్ క్రియాటినిన్‌ను డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తే దాన్ని 100తో భాగిస్తే లీటరుకు గ్రాములు వస్తాయి. ఉదాహరణకు మూత్రంలో పొటాషియం 12, క్రియాటినిన్ 120 అనుకోండి. 120 అంటే 1.2 గ్రాములు. 12ను 1.2తో భాగిస్తే 10. ఇది 13 కంటే తక్కువ, అంటే కిడ్నీ తన పని తాను చేస్తూ పొటాషియాన్ని పొదుపుగా పట్టుకుంది. పొటాషియం కణాల్లోకైనా వెళ్లి ఉండాలి, విరేచనాల్లోనైనా పోయి ఉండాలి, లేదా చాలా రోజులుగా తిండి లేకపోయి ఉండాలి. మరొకరికి పొటాషియం 38, క్రియాటినిన్ 50 అనుకోండి. 38ని 0.5తో భాగిస్తే 76. రక్తంలో లేకపోయినా కిడ్నీ పారబోస్తోందన్నమాట. పక్షవాతంతో వచ్చినవాళ్లలో 22 దాటితే కిడ్నీ నుంచి పోతోందని గట్టిగా అనుమానించాలి.

కిడ్నీ నుంచే పోతోందని తేలాక బ్లడ్ గ్యాస్, బీపీ దారి చూపిస్తాయి. బైకార్బొనేట్ తక్కువగా ఉంటే, అంటే రక్తంలో ఆమ్లం పెరిగితే (అసిడోసిస్), కిడ్నీ గొట్టాల లోపంతో వచ్చే రీనల్ ట్యూబ్యులర్ అసిడోసిస్, లేదా షుగర్ వల్ల వచ్చే డయాబెటిక్ కీటో అసిడోసిస్. నడివయసు స్త్రీకి అసిడోసిస్‌తో పాటు కళ్లు, నోరు పొడిబారడం ఉంటే షోగ్రెన్ సిండ్రోమ్ గుర్తుకు రావాలి. బైకార్బొనేట్ ఎక్కువగా ఉండి బీపీ మామూలుగా ఉంటే మూత్రంలో క్లోరైడ్ చూడండి. 20 కంటే తక్కువైతే వాంతులు, ఎక్కువైతే మూత్రం మాత్రలు, లేదా పుట్టుకతో వచ్చే గిటెల్‌మన్, బార్టర్ అనే కిడ్నీ జబ్బులు. వాంతుల్లో పొటాషియం నేరుగా పోయేది కొద్దిగానే, ఎక్కువ భాగం కిడ్నీ నుంచే పోతుంది. బైకార్బొనేట్ ఎక్కువగా ఉండి బీపీ కూడా ఎక్కువుంటే ఆల్డోస్టిరోన్, రెనిన్ అనే హార్మోన్ల పరీక్షలు పంపాలి. అతిమధురం ఎక్కువగా వాడినా అచ్చం ఇలాగే వస్తుంది, అడగకపోతే పేషెంటు చెప్పరు.

ఇక ఆ అబ్బాయి విషయం. యువకుడు, రాత్రి పడుకుని తెల్లవారుజామున కాళ్లు రాకుండా లేవడం, స్పర్శ బాగుండటం, వాంతులు విరేచనాలు లేకపోవడం చూస్తే ముందుగా పీరియాడిక్ పెరాలసిస్ (ఉండుండి వచ్చిపోయే పక్షవాతం) అనుకోవాలి. అందులోనూ థైరాయిడ్ ఎక్కువవడం వల్ల వచ్చేది. ఆసియా వాళ్లలో, మగవాళ్లలో ఇది ఎక్కువ. ముందురోజు కడుపునిండా పిండి పదార్థాలు తినడం, లేదా బాగా శ్రమపడి విశ్రాంతి తీసుకోవడం దాన్ని రేపుతుంది. థైరాయిడ్ లక్షణాలు పైకి కనిపించకపోవచ్చు, అందుకే చేతుల వణుకు, బరువు తగ్గడం పని గట్టుకుని అడగాలి. పక్షవాతంతో పడి ఉన్న మనిషికి నాడి 110 కొడుతుంటే అదే పెద్ద ఆధారం. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ అదే రోజు పంపండి. ఫాస్ఫేట్ కూడా తగ్గి ఉండొచ్చు, దాన్ని సరిచేయాలని తొందరపడొద్దు, పొటాషియంతో పాటే తిరిగొస్తుంది.

అతనికి డెక్స్‌ట్రోజ్‌లో కలిపి ఇవ్వడం వల్లే 1.6కి దిగింది. గ్లూకోజు వెళ్లగానే ఇన్సులిన్ విడుదలవుతుంది, ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి నెడుతుంది. సీసాలో కలిపిన 20 మిల్లీమోల్స్ కంటే ఇన్సులిన్ లోపలికి నెట్టింది ఎక్కువ. ఇది పీరియాడిక్ పెరాలసిస్‌కే పరిమితం కాదు. పొటాషియం బాగా తగ్గిన ఎవరికైనా మొదట్లో నార్మల్ సెలైన్‌లోనే కలపాలి.

ఇలాంటి వాళ్లకు పొటాషియం కొద్దిగానే కావాలి. మింగగలిగితే నోటి ద్వారా 30 మిల్లీమోల్స్, రెండు గంటలకోసారి చూసుకుంటూ ఇంకో విడత, మొత్తం మీద 24 గంటల్లో 90 దాటకుండా ఆపాలి. డ్రిప్ అయితే గంటకు 10 మించకూడదు. ఏడు యాంపూల్స్ అంటే 15 శాతం మందైతే 140 మిల్లీమోల్స్. కణాల్లో ఉన్నది బయటికి రావడం మొదలయ్యే సరికి మీరిచ్చిన 140 కూడా దానికి తోడైంది. 90 దాటినప్పుడు ఇలా ఎగబాకడం తరచూ జరుగుతుంది. థైరాయిడ్ వల్ల వచ్చిందైతే అసలు మందు ప్రొప్రనొలాల్. ఆస్తమా, గుండె బ్లాక్ లేవని చూసుకుని కిలోకు 3 మిల్లీగ్రాముల చొప్పున నోటి ద్వారా ఒకసారి ఇస్తే కణాల్లోకి తోసే బలం తగ్గి పొటాషియం తనంతట తనే బయటికొస్తుంది. నాడి, బీపీ చూస్తూ ఉండాలి.

అంకె 3 దాటి, అతను కాళ్లు కదపడం మొదలుపెట్టగానే డ్రిప్ ఆపేసి ఉండాల్సింది. కాళ్లలో బలం వస్తోందంటే పొటాషియం ఇప్పటికే బయటికి వస్తోందనే అర్థం. 6.4 వచ్చినప్పుడు వెంటనే ఆపి ఈసీజీ తీయాలి. ఈసీజీ మారితే కాల్షియం గ్లూకోనేట్ ఇచ్చి హైపర్‌కలీమియా (పొటాషియం ఎక్కువవడం) చికిత్స చేయాలి. ఈసీజీ బాగుండి కిడ్నీలు పనిచేస్తుంటే దగ్గరుండి చూస్తే చాలు. అతనికి ఇన్సులిన్, గ్లూకోజు ఇచ్చే ముందు రెండుసార్లు ఆలోచించండి, మళ్లీ పక్షవాతం రావచ్చు.

యాంపూల్ గురించి విడిగా చెప్పాలి. పొటాషియం లెక్కను యాంపూల్స్‌లో రాయకండి, మిల్లీమోల్స్‌లో రాయండి. మిల్లీ ఈక్వివలెంట్ అన్నా పొటాషియం విషయంలో అంకె ఒకటే. 15 శాతం యాంపూల్ 10 మిల్లీలీటర్లలో 1.5 గ్రాములు, అంటే 20 మిల్లీమోల్స్. 10 శాతం అయితే అదే 10 మిల్లీలీటర్లలో 13.4. కంపెనీ మారితే గాఢత మారవచ్చు, లేబుల్ చదవకుండా ఏదీ పగలగొట్టకూడదు.

పొటాషియం క్లోరైడ్‌ను నేరుగా ఎప్పుడూ నరంలోకి నొక్కకూడదు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పేషెంట్ల భద్రత కోసం ఇచ్చిన సూచనల్లో ఇలాంటి గాఢమైన మందులను అదుపులో ఉంచడం ఒకటి. డిస్టిల్డ్ వాటర్, సెలైన్ యాంపూల్స్ పక్కన ఇదే సైజు పొటాషియం యాంపూల్ ఉంటే, యాంటీబయాటిక్ పొడి కలపడానికో క్యానులా కడగడానికో పొరపాటున అదే తీసే అవకాశం ఉంది. గుండె అక్కడికక్కడే ఆగుతుంది. మీ వార్డులో అది ఎక్కడ ఉందో ఈరోజే చూసి, వేరే డబ్బాలో పెట్టించండి.

కలిపే తీరు కూడా ముఖ్యమే. స్టాండుకు వేలాడుతున్న సీసాలో, డ్రిప్ పారుతుండగా పైనుంచి సూది గుచ్చి పోస్తే, బరువైన పొటాషియం కిందికి దిగి మూతి దగ్గరే నిలబడుతుంది. పేషెంటుకు మొదటి కొద్ది నిమిషాల్లో దాదాపు అంతా ఒకేసారి వెళుతుంది. సీసాను దించి, క్లాంపు మూసి, పొటాషియం కలిపి, కనీసం పదిసార్లు తలకిందులు చేసి తిప్పాలి. ఆ తర్వాతే ట్యూబు నింపాలి. సీసా మీద ఎంత కలిపారో, ఎన్నింటికి కలిపారో, ఎవరు కలిపారో రాయాలి. చేతనైతే కంపెనీ వాళ్లు ముందే కలిపిన సీసాలే వాడండి.

చేతి నరంలో ఇస్తే లీటరుకు 40 మిల్లీమోల్స్ మించకుండా చూడండి. 15 శాతం యాంపూల్ ఒకటి 500 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్‌లో వేస్తే సరిగ్గా ఆ గాఢత వస్తుంది. గంటకు 250 మిల్లీలీటర్లు పోనిస్తే గంటకు 10 మిల్లీమోల్స్. ఇది మామూలు వార్డులో వాడదగ్గ వేగం. చేతి వెనక సన్న నరం కాకుండా ముంజేతిలో లావు నరం చూసుకోండి. మంట పెడుతోందని పేషెంటు అంటే క్యానులా చుట్టూ వాపు ఉందేమో చూడండి, వాపు లేకపోతే వేగం తగ్గించండి. మందు నరం దాటి కండలోకి పోతే చర్మం దెబ్బతింటుంది.

గంటకు 20 కావాలంటే గుండె మానిటర్ తప్పనిసరి. ఇంత వేగాన్ని సెంట్రల్ లైన్‌లో (గుండె దగ్గరి పెద్ద నరంలోకి వేసే గొట్టం) ఇవ్వడం మేలు, పంపు లేకుండా ఇవ్వకూడదు. గుండె బలహీనంగా ఉండి ఎక్కువ నీరు పనికిరానివాళ్లకు 20 మిల్లీమోల్స్‌ను 100 మిల్లీలీటర్లలో కలిపి సెంట్రల్ లైన్ ద్వారా గంటలో ఇస్తారు. అదే గాఢత చేతి నరంలోకి ఇవ్వకండి. లయ చెడిపోయి గుండె ఆగేలా ఉన్నప్పుడు మాత్రం లెక్క వేరు. నిమిషానికి 2 మిల్లీమోల్స్ చొప్పున పది నిమిషాలు, ఆ తర్వాత 5 నుంచి 10 నిమిషాల్లో ఇంకో 10 ఇవ్వవచ్చని యూరప్ పునరుజ్జీవన మార్గదర్శకాల్లో ఉంది. అది సీనియర్ డాక్టర్ మంచం పక్కన ఉండి చేయించాల్సిన పని. దానితో పాటు మెగ్నీషియం 2 గ్రాములు ఇవ్వాలి.

ఎంత పెరుగుతుందో ముందే అంచనా ఉంటే కంగారు తగ్గుతుంది. నిజంగా లోటున్నవాళ్లకు 20 మిల్లీమోల్స్ డ్రిప్‌తో పెరిగేది సుమారు 0.2 లేదా 0.3 మాత్రమే. 2 దగ్గర ఉన్నవాళ్ల లోటు 400 నుంచి 800 మిల్లీమోల్స్. ఒక్క రోజులో తీరేది కాదు, తీర్చకూడదు కూడా. ముందు ప్రమాదం తప్పించి 3 దాకా తీసుకురావడం, మిగతాది రోజుల మీద నోటి ద్వారా ఇవ్వడం. 10 శాతం సిరప్ 15 మిల్లీలీటర్లలో 20 మిల్లీమోల్స్ ఉంటాయి. అర గ్లాసు నీళ్లలో కలిపి, తిన్న తర్వాత ఇవ్వండి, లేకపోతే కడుపులో మంట, వాంతి. పేగు కదలిక లేనివాళ్లకు నోటి మందు పనికిరాదు. పండ్లు, రసాల మీద ఆధారపడటం ఇంత లోటులో కుదరదు. డ్రిప్‌తో పాటే సిరప్ మొదలుపెట్టడం మంచిది, కాకపోతే రెండింటి లెక్కా కలిపి ఒకే చోట రాయాలి. గంటకు 10 వెళుతుంటే రెండు గంటలకోసారి, 20 వెళుతుంటే గంటకోసారి రక్తం తీయండి, డ్రిప్ లేని చేతి నుంచి. మూత్రం గంటకు కిలోకు అర మిల్లీలీటరు రాకపోతే, లేదా క్రియాటినిన్ ఎక్కువగా ఉంటే మోతాదు సగానికి తగ్గించి ఆలోచించండి.

ఇప్పుడు ఆవిడ విషయం. మీ ఉత్తరంలో మెగ్నీషియం అన్న మాటే లేదు. మూడు రోజులు ఇచ్చినా పొటాషియం పెరగలేదంటే ముందు చూడాల్సింది అదే. కిడ్నీ చివరి గొట్టాల్లో పొటాషియం బయటికి పోయే ద్వారాలు ఉంటాయి, రామ్‌క్ చానెల్స్ అంటారు. కణం లోపలి మెగ్నీషియం వాటిని సగం మూసి ఉంచుతుంది. మెగ్నీషియం తగ్గితే ద్వారాలు బార్లా తెరుచుకుంటాయి. అప్పుడు పొటాషియం ఎంత పోసినా మూత్రంలోకే. ఆవిడకు రెండు వైపులా దెబ్బ పడింది. ఫ్యూరోసెమైడ్ మెగ్నీషియాన్ని మూత్రంలో పంపుతోంది, పాంటాప్రజోల్ పేగుల్లో దాన్ని ఎక్కనివ్వడం లేదు. ఏళ్ల తరబడి ఈ గ్యాస్ మాత్రలు వాడేవాళ్లలో మెగ్నీషియం పడిపోతుందని 2011లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది. కొందరికి ఆ మాత్ర ఆపితే తప్ప మెగ్నీషియం నిలబడదు. పిక్కలు పట్టేయడం కూడా దీనికి సరిపోతుంది, కాల్షియం కూడా చూడండి, మెగ్నీషియం తగ్గితే అదీ తగ్గుతుంది.

రక్తంలో మెగ్నీషియం మామూలుగా వచ్చినా ఒంట్లో లోటు ఉండొచ్చు, ఎందుకంటే రక్తంలో ఉండేది మొత్తంలో ఒక శాతం కూడా కాదు. అందుకే కిడ్నీలు బాగుంటే, పొటాషియం బాగా తగ్గినవాళ్లకు రిపోర్టు కోసం ఆగకుండా మెగ్నీషియం ఇవ్వడం మంచి అలవాటు. 50 శాతం మెగ్నీషియం సల్ఫేట్ 4 మిల్లీలీటర్లు అంటే 2 గ్రాములు, 8 మిల్లీమోల్స్. 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి గంటసేపు ఇవ్వండి. వేగంగా ఇస్తే సగం మూత్రంలోకే పోతుంది, కాబట్టి తర్వాత రోజుకు 4 నుంచి 6 గ్రాముల దాకా నెమ్మదిగా, రెండు మూడు రోజులు కొనసాగించాలి. మోకాలి రిఫ్లెక్స్, ఊపిరి, బీపీ చూస్తూ ఉండండి. రిఫ్లెక్స్ పోతే ఆపేయాలి, కాకపోతే పొటాషియం తక్కువున్నవాళ్లలో అది ముందే తగ్గి ఉండొచ్చు కాబట్టి మొదలుపెట్టే ముందే చూసి రాసుకోవాలి. క్రియాటినిన్ ఎక్కువైతే మోతాదు సగం.

ఆవిడకు ఫ్యూరోసెమైడ్ తప్పనిసరో కాదో చూడండి. తప్పనిసరైతే స్పైరనోలాక్టోన్ 25 మిల్లీగ్రాములో అమిలోరైడ్ 5 మిల్లీగ్రాములో కలపడం, రోజూ సిరప్ తాగించడం కంటే నిలకడగా పనిచేస్తుంది. పాంటాప్రజోల్ ఇప్పటికీ అవసరమా అని అడగండి, అవసరం లేకపోతే ఆపి ఫామోటిడిన్ ఇవ్వవచ్చు.

ఇవి కాక మూడు చోట్ల చికిత్స మొదలుపెట్టడమే పొటాషియాన్ని పడగొడుతుంది. కీటో అసిడోసిస్‌లో పొటాషియం 3.5 కంటే తక్కువుంటే ఇన్సులిన్ ఆపి, గంటకు 10 నుంచి 20 మిల్లీమోల్స్ ఇచ్చి 3.5 దాటాక మొదలుపెట్టాలి. పాత పుస్తకాల్లో ఈ అంకె 3.3. ట్యూబ్యులర్ అసిడోసిస్‌లో బైకార్బొనేట్ ముందు ఇస్తే పొటాషియం కణాల్లోకి పోయి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది, ముందు పొటాషియం, తర్వాతే బైకార్బొనేట్. వెంటిలేటర్ మీద పెట్టాల్సి వస్తే శ్వాసల సంఖ్య ఎక్కువ పెట్టకండి, ఆల్కలోసిస్ (రక్తంలో క్షారం పెరగడం) వచ్చి ఉన్న కాస్తా లోపలికి పోతుంది.

ఇంటికి పంపేటప్పుడు ఆ అబ్బాయికి పొటాషియం సిరప్ రాసి పంపకండి. రెండు దాడుల మధ్య అతని పొటాషియం మామూలుగానే ఉంటుంది, రోజూ తాగినా దాడి ఆగదు. టీఎస్‌హెచ్ పడిపోయి ఉంటే థైరాయిడ్ మందు, అది అదుపులోకి వచ్చేదాకా ప్రొప్రనొలాల్, విపరీతమైన శ్రమ, ఒకేసారి పెద్ద భోజనం వద్దని చెప్పండి. థైరాయిడ్ మామూలుగా ఉంటే వంశపారంపర్యంగా వచ్చే రకం గురించి కుటుంబంలో అడగండి, దానికి అసిటజోలమైడ్ వాడతారు, థైరాయిడ్ రకానికి అది పనికిరాదు. ఆవిడకు స్పైరనోలాక్టోన్ మొదలుపెడితే సిరప్ మోతాదు తగ్గించి, వారంలోపే పొటాషియం, మెగ్నీషియం, క్రియాటినిన్ మూడూ మళ్లీ చూడండి. బీపీకి రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటివి కూడా వాడుతుంటే మూడు రోజులకే చూడండి.